దూలయ్య ఒప్పుకున్నాడట!

దూలయ్యను పనిలోంచి తీసింది మీరు. మామిళ్ళవాగు పామాయిల్ మిల్లు మేనేజరు గారూ, పర్సనెల్ ఆఫీసరు గణేష్ బాబూ, నల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి విచారణ చేసిన వకీలు గారూ, మీరు ముగ్గురూ కలిసి తీశారు. "వాడే ఒప్పుకున్నాడు, మమ్మల్నేం చెయ్యమంటారు" అని అశ్వారావుపేట దాకా చెప్పుకు తిరుగుతున్నారు. ఎట్లా ఒప్పించారో కూడా చెప్పండి మరి. చెప్పరు. విచారణ రోజు మిల్లు గెస్ట్ హౌస్ కిటికీ బయట నిలబడి విన్నవాణ్ణి నేను. నేను చెబుతాను.

నా పేరు శ్రీశైలం. మాది ఇల్లందు వైపు, మా నాయన బొగ్గుబాయి కార్మికుడు. నేను ఈ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాను. దూలయ్యది బాయిలర్ పక్కనే స్టెరిలైజరు, అక్కడ మా షిఫ్టుకు మేస్త్రీ ఆయన. తెలియనివాళ్ళకు ఒక మాటలో చెప్పాలంటే అది మనిషి నిలబడి నడవగలిగేంత లావున్న ఇనుప గొట్టం. పామాయిల్ గెలలు నింపిన బోగీలను అందులోకి తోసి, తలుపు బిగించి, ఆవిరి వదిలి ఉడికిస్తారు. ఉడికాక ఆవిరి మొత్తం బయటకు పోయిందా లేదా అనేది తలుపు పక్కన ఉండే గేజీ ముల్లు చెబుతుంది. ముల్లు సున్నా మీదకు వస్తేనే తలుపు తియ్యాలి.

ఆ ముల్లు పాడైపోయింది. లోపల ఆవిరి ఉన్నా సున్నా మీదే పడుకుని ఉండేది. మేం చెప్పాం. దూలయ్య ఫోర్‌మన్‌కు చెప్పాడు, నేను చెప్పాను, రెండో షిఫ్టువాళ్ళు చెప్పారు. అది వానాకాలం. తోటల నుంచి గెలలు ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు వచ్చి గేటు దాకా వరస కట్టాయి. గేజీ మార్చాలంటే ఒక పూట స్టెరిలైజరు ఆపాలి. ఆపితే గెలలు మురుగుతాయి. "సీజన్ పోనీ, చూద్దాం" అన్నాడు మేనేజరు.

సీజన్ పోలేదు. హాతీరాం పోయినంత పనైంది.

హాతీరాం రేగడి తండా మనిషి. తలుపు దగ్గర పని అతనిది. ఆ మధ్యాహ్నం ఆవిరి పోవడానికి ఎప్పుడూ ఆగినంతసేపు ఆగాం, ముల్లు కూడా సున్నా మీద ఉంది కదా అని తలుపు గొళ్ళెం వదులు చేశాడు. లోపల మిగిలిన ఆవిరి తలుపును తన్నింది. ముఖం, మెడ, కుడిచెయ్యి ఉడికిపోయాయి. గోనెసంచుల మీద పడుకోబెట్టి జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. బతికాడు. ఒక కన్ను పోయింది. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి ఇక తెరుచుకోలేదు.

మర్నాడు పొద్దున మేం డ్యూటీకి వెళ్ళేసరికి స్టెరిలైజరు మీద కొత్త గేజీ మెరుస్తోంది. పాతది ఏమైందని అడిగితే ఫోర్‌మన్ తల వంచుకున్నాడు. ఆ తర్వాతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కొత్త గేజీని చూసి, బాగుందని వెళ్ళిపోయాడు.

గేజీ బాగుంటే మనిషి ఎందుకు కాలాడు? దానికి ఒక మనిషి కావాలి. తప్పు మొయ్యడానికి ఒక నెత్తి కావాలి. మీరు దూలయ్య నెత్తిని ఎంచుకున్నారు. ఎందుకంటే ఆ నెత్తి దానంతట అదే వంగుతుందని గణేష్ బాబుకు తెలుసు.

ఎట్లా తెలుసంటే, గణేష్ బాబు ఈ ప్రాంతంలో పదేళ్ళుగా ఉన్నాడు. కుంజా దూలయ్య పాలవాగు గుంపుకు పటేల్. గుంపు అంటే కోయవాళ్ళ పల్లె, పటేల్ అంటే వాళ్ళ పెద్ద. మిల్లుకు మనుషులు కావాలన్నప్పుడల్లా గణేష్ బాబు జీపేసుకుని దూలయ్య ఇంటికే పోయేవాడు. భూమి పండుగకు వెళ్ళి వేటమాంసం తిన్నాడు. వాళ్ళ పంచాయితీలో నులకమంచం మీద కూర్చుని చూశాడు. అక్కడ జరిగే తీరు ఇది. నలుగురు కలిసి చేసిన పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ నలుగురిలో పెద్దవాడు మొదట లేచి "తప్పు నాది" అంటాడు. చేసినా అంటాడు, చెయ్యకపోయినా అంటాడు. దెబ్బతిన్న ఇంటివాళ్ళ కోపానికి ఒక చోటు దొరుకుతుంది. ఆ తర్వాతే అసలు సంగతి అడుగుతారు. తప్పు ఒకరి నెత్తికి ఎక్కేసింది కాబట్టి మిగతావాళ్ళు భయం లేకుండా ఉన్నదున్నట్టు చెబుతారు. చివరికి దండుగ, అంటే జరిమానా, ఏదో తేలుస్తారు, ఒప్పుకున్నవాడు తన చేత్తో అందరికీ ఇప్పసారా పోస్తాడు. తీర్పు చెప్పినవాళ్ళు తాగితే గొడవ చచ్చిపోయినట్టే. మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఆ మనిషి మర్నాడు అందరితో కలిసి పనికి పోతాడు.

ఇదంతా కళ్ళతో చూసినవాడు గణేష్ బాబు. చూసి, గుర్తుపెట్టుకున్నాడు.

దూలయ్య అప్పటికే తండాకు పోయి వచ్చాడు. ఒక ఆడమేకను తోలుకుపోయి హాతీరాం ఇంటి ముందు కట్టేసి, అతని పెండ్లాం మంగ్లి ముందు నిలబడి, "పనిలో పెద్దోణ్ణి నేను. తప్పు నాది బిడ్డా" అన్నాడు. మంగ్లి ఏడ్చింది, తిట్టింది, మేకను ఉంచుకుంది.

ఆ సంగతి తెలియగానే గణేష్ బాబు దూలయ్యను పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"పటేలా, ఎంక్వైరీ పెడుతున్నారు. భయపడకు. మీ గుంపు పంచాయితీ లాంటిదే. ఒప్పుకున్నావనుకో, ఏదో దండుగ వేసి వదిలేస్తారు."

"అట్లనా సారూ?"

"నేను అబద్ధం చెబుతానా? మీ ఇంట్లో తిన్నవాణ్ణి."

నేను అడ్డం పడ్డాను. చార్జిషీటు ఇంగ్లీషులో ఇచ్చారు, ఆయనకు చదివి చెప్పినవాళ్ళు లేరు, విచారణలో తోటి కార్మికుణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే హక్కు ఆయనకుంది, నేను కూర్చుంటాను అన్నాను.

"ఇదేమన్నా మర్డర్ కేసా? పోయి బాయిలర్ చూసుకో" అన్నాడు గణేష్ బాబు. దూలయ్య కూడా నవ్వాడు. "ఊకో తమ్మీ. పంచాయితీల ఒకని తరుపున ఇంకొకడు కూసుంటడా?"

విచారణ రోజు దూలయ్య తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. చేతిలో సంచి. లోపల ఏముందని వాచ్‌మన్ అడగలేదు, పటేల్ కదా. నేను బీడీ తాగే వంకతో గెస్ట్ హౌస్ కిటికీ బయట నిలబడ్డాను.

వకీలు అడిగాడు. "ఆ రోజు షిఫ్టు మేస్త్రీవి నువ్వే కదా? తప్పు ఎవరిది?"

దూలయ్య లేచి నిలబడ్డాడు. "నాదే సారూ."

వకీలు రాసుకున్నాడు. "ఇంకేమైనా చెప్పుకుంటావా?"

దూలయ్య చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. ఆయన లెక్కలో పంచాయితీ ఇప్పుడే మొదలైంది. ఇక అడుగుతారు, ఏం జరిగింది, గేజీ సంగతేంది, ఎవరికి ఎప్పుడు చెప్పావు అని అడుగుతారు. పెద్దమనుషులు అడగకముందే తనంతట తాను ఇంకొకడి పేరు ఎత్తడం మర్యాద కాదు. నిలబడే ఉన్నాడు. కిటికీ బయట నేను, అడగండ్రా, ఒక్క మాట అడగండి అనుకున్నాను.

వకీలు పెన్నుకు మూత పెట్టాడు.

"అయిపోయిందా సారూ?" అన్నాడు దూలయ్య.

"అయిపోయింది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

వేశాడు. వేసి, సంచిలోంచి సీసా తీశాడు. అడ్డాకుల డొప్పలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఏంటయ్యా ఇది?" వకీలు కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఇప్పది సారూ. మంచిది. మా ఎర్రమ్మ కాసింది. తలా ఇంత తాగితే ముచ్చట అయిపాయె."

గణేష్ బాబు పగలబడి నవ్వాడు. ఆ సారా రుచి అతనికి బాగా తెలుసు. నవ్వు ఆపుకుని అన్నాడు. "రాసుకోండి సార్. మద్యం సీసాతో విచారణకు వచ్చాడని రాసుకోండి. ఇదొక చార్జి."

బయటకు వచ్చిన దూలయ్యను, ఆయనకు ఏం అర్థమైందో చూద్దామని, విననట్టే అడిగాను. "ఏమైంది పటేలా?"

"ఒప్పుకున్న. దండుగ ఎంతన్నది మేనేజరు సారుతోటి మాట్లాడి చెప్తరంట."

"తాగిండ్రా?"

"లే." ఆయన ముఖం అప్పుడు మారింది. సంచిలో సీసా గలగలమంది. "ఒగలు గూడ ముట్టలె. ఎందుకు ముట్టలె తమ్మీ?"

ఎందుకో వారం తిరగకుండానే తెలిసింది. డ్యూటీకి వస్తే వాచ్‌మన్ గేటు దగ్గర ఆపేసి కాగితం చేతిలో పెట్టాడు. నిర్లక్ష్యంతో తోటి కార్మికుణ్ణి గాయపరిచినట్టు స్వయంగా ఒప్పుకున్నాడు, మద్యంతో మిల్లులోకి వచ్చాడు, అందుచేత డిస్మిస్. ఏడేళ్ళ సర్వీసు. నేను చదివి చెబుతుంటే దూలయ్య గేటు ఊచల్లోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. "మరి దండుగ?" అన్నాడు. నేను కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టాను. ఇదే దండుగ.

ఆ ఉద్యోగం పోతే దూలయ్యకు ఏముంది? పోడు కొట్టుకున్న చెలకలో ఫారెస్టువాళ్ళు కందకం తవ్వి మొక్కలు నాటారు. ఇక మిరపకోతలకు ఆంధ్రా పోవాలి, యాభై దగ్గర పడ్డ వయసులో, పెండ్లాంతో సహా. పటేల్ వలసపోయాక ఆ గుంపులో పంచాయితీ ఎవరు చేస్తారు?

లేబర్ కోర్టుకు పోదామని నేను పాలవాగు గుంపుకు తిరిగాను. చెప్పులు అరిగాయి. ఒకటే జవాబు.

"కోర్టుల ఏమని చెప్పాలె?"

"తప్పు నాది కాదని చెప్పాలె. గేజీ పాడైందని, ఫోర్‌మన్‌కు చెప్పినమని."

"ఒప్పుకున్నంక కాదనాల్నా?" దూలయ్య తల అడ్డంగా తిప్పాడు. "నెత్తికెత్తుకున్నది నేనే దించుకుంటే రేపు నా మాట ఎవడింటడు? హాతీరాం పెండ్లాం నా మేక తీసుకుంది. ఆమెకేం చెప్పాలె? నీ మొగడు కాలింది నా వల్ల కాదు, పో, ఇంకెవల్నన్న తిట్టుకో అనాల్నా?"

పొయ్యి దగ్గర ఉన్న ఆయన పెండ్లాం ఎర్రమ్మకు ఒళ్ళు మండింది. "అవ్, నువ్వు పెద్ద ధర్మరాజువి! ఆ గణేష్‌గాడు ఈడ్నే కూసోని మూడు డొప్పలు తాగలేదా? ఆని ముందల నీ మాట నిలబెట్టుకుంటవా? ఆడు నిలబెట్టుకున్నడా?"

"ఆనిది ఆనికే."

"మనకేమో మిరపతోట! పో, నీ పెద్దరికం మూట గట్టుకోని పో. తలగడకు పనికొస్తది."

దూలయ్య నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. గుంపులో ఎవరూ ఆయన్ను తప్పుపట్టలేదు. వాళ్ళ దృష్టిలో ఆయన సరిగ్గానే ఉన్నాడు. ఈ పట్టుదలే కంపెనీకి కోటగోడ. వాళ్ళు దాన్ని కూడా లెక్కేసుకునే ఉంటారు.

ఇంకొక పని కూడా చేశారు. హాతీరాం పెండ్లాం మంగ్లికి మిల్లులో పీచు ఊడ్చే పని ఇచ్చారు. క్యాజువల్. ఏ రోజుకు ఆ రోజు. "కంపెనీ ధర్మం చూడండి" అని చెప్పుకున్నారు. ఆమెకు మాత్రం వేరే మాట చెప్పారు. ఎవడొచ్చి ఏమడిగినా దూలయ్య వల్లనే అని చెప్పు, పని ఉంటుంది.

కొన్నాళ్ళు అట్లాగే చెప్పింది. కట్టు మార్చాలి, ఇద్దరు పిల్లలకు తిండి పెట్టాలి, ఇంకేం చేస్తుంది?

ఒక సంత రోజున నేను దూలయ్య ఇంటి దగ్గర ఉండగా మంగ్లి వచ్చింది. చేతిలో తాడు, తాడు చివర మేక. వెనక హాతీరాం, ముఖానికి తుండు చుట్టుకుని, నీడ వెంట నడుస్తూ వచ్చాడు. ఎండ తగిలితే చర్మం మండుతుంది అతనికి.

మంగ్లి మేకను పందిరి గుంజకు కట్టేసింది. "నీ మేక నువ్వు తీసుకో అన్నా."

దూలయ్య లేచి నిలబడ్డాడు. "ఏమైంది బిడ్డా? తప్పుకు కట్టింది తక్కువైందా?"

"ఎక్కువైంది! నీది కాని తప్పును మేం మేపుకుంటున్నం. ఈయనను అడుగు."

హాతీరాం తుండు తియ్యకుండానే మాట్లాడాడు. మాట ముద్దగా వచ్చింది. "తలుపు నేనే తీసిన పటేలా. ముల్లు సున్నా మీదుంది. నువ్వు అవతల బోగీలకాడ తాడు పట్టుకోనున్నవ్. నీకు నేను కనపడను గూడ కనపడలె."

"అది నాకు ఎరికే" అన్నాడు దూలయ్య.

"ఎరికైతే మరి?" మంగ్లి గొంతు లేచింది. "తిట్టిన నిన్ను. నీ మేక పాలు పిల్లలకు పోసిన. ఆ గేజీ మార్చినోళ్ళు నాకు చీపురిచ్చి, దూలయ్య పేరు చెప్పు అంటుండ్రు. రోజూ చెప్పాల్నంట, పిల్లలకు పాఠం చెప్పినట్టు. నాకు రోత పుట్టింది. మేం దించుతున్నం అన్నా. నువ్వు దించుకోలె, మేం దించినం. ఇగ కోర్టుల ఉన్నది చెప్పు. నేను గూడ చెప్త."

ఎర్రమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి మంగ్లికి ఇచ్చింది. దూలయ్య గుంజకు కట్టిన మేక తాడు విప్పి తన చేతిలోకి తీసుకున్నాడు. "రేపు పోదాం తమ్మీ" అన్నాడు నాతో.

కేసు వేశాం. వాయిదాల సంగతి రాస్తే కోపం వస్తుంది, వదిలేస్తున్నాను. అసలు రోజు మాత్రం చెప్పాలి. కంపెనీ తరఫున వచ్చిన ఇంకో వకీలు దూలయ్యను నిలదీశాడు.

"విచారణలో తప్పు నాదే అన్నావు. ఇప్పుడు కాదంటున్నావు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

దూలయ్య తొందరపడలేదు. "అప్పుడు అబద్ధం కాదు సారూ. మా కాడ పెద్దోడు ముందల నిలబడ్తడు. నిలబడ్డంక ఏం జరిగిందని అడగాలె. ఆ సారు అడగలె. ఇయ్యాల జడ్జి సారు అడిగిండు, చెప్పిన."

జడ్జి తల ఎత్తి చూశాడు. ఆ మాట రాయించాడు. తర్వాత మంగ్లి సాక్ష్యం చెప్పింది. ముల్లు పాడైన సంగతి మొగుడు ఇంట్లో ముందే చెప్పేవాడని చెప్పింది. కొత్త గేజీ సంగతి చెప్పింది. దూలయ్య పేరు చెప్పమని తనకు ఎవరు ఏమన్నారో, గణేష్ బాబు వైపు వేలు చూపించి చెప్పింది. అతను సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు.

ఆ రోజు తిరుగు బస్సులో మేం నవ్వుకున్నాం. అబద్ధం ఎందుకు, గెలిచామనే అనుకున్నాం.

మర్నాడు మంగ్లి చీపురు పట్టుకుని గేటు దగ్గరకు వస్తే వాచ్‌మన్ తియ్యలేదు. "పని లేదంట. నీ పేరు తీసేసిన్రు." కారణం అడిగితే, "క్యాజువల్‌కు కారణమేంది?" అన్నాడు. ఆ మాట అతనిది కాదు. లోపల నేర్పించారు.

కబురు విని దూలయ్య తండాకు పరుగెత్తాడు. నేనూ వెళ్ళాను. మంగ్లి గడపలో కూర్చుని ఉంది. హాతీరాం లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మందు అయిపోయింది, దవాఖానాకు పోవడానికి బస్సుకు లేదు.

"నా కోసం చెప్పి నీ పని పోగొట్టుకుంటివి బిడ్డా" అన్నాడు దూలయ్య. "తప్పు నా..."

"ఆగు!" మంగ్లి గయ్యిమంది. "మల్ల మొదలుపెట్టినవా? ఊకె నాదే నాదే అంటవేందన్నా? గేటు మూసింది నువ్వా? గేజీ మార్చనిది నువ్వా? మూసినోడు ఏసీ రూముల కూసుంటే, నువ్వొచ్చి నా గడపల నిలబడి ఏడుస్తవా?"

 దూలయ్య అంత తికమకపడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎవరి నెత్తికీ ఎక్కని తప్పు ఒకటి నడివాకిట్లో పడి ఉంటే ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. వాళ్ళ పంచాయితీలో అటువంటిది లేదు.

మిల్లు కార్మికులం, మాకు తెలుసు. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు కార్మికుణ్ణి పనిలోంచి తియ్యడం చట్టం ప్రకారం నేరం. జైలుశిక్ష ఉన్న నేరం. క్యాజువల్ అయినా కార్మికురాలు కార్మికురాలే. తెలియని భాషలో చార్జిషీటు ఇచ్చి, తోడు మనిషిని బయటకు నెట్టి, మాయమాట చెప్పి వేయించుకున్న వేలిముద్ర ఒప్పుకోలు కాదు, దొంగతనం.

కాబట్టి వినండి. తీర్పు వచ్చేదాకా ఆగం. మంగ్లిని రేపు మొదటి షిఫ్టుకు గేటు లోపలికి తీసుకోండి, రాతపూర్వకంగా తీసుకోండి. కుంజా దూలయ్య డిస్మిస్ ఆర్డరు చించెయ్యండి, పాత సర్వీసుతో, ఆగిన జీతంతో అదే స్టెరిలైజరు దగ్గర నిలబెట్టండి. పాత గేజీని బయటపెట్టండి. హాతీరాంకు నష్టపరిహారం కట్టండి, పోయిన కంటికి, కాలిన చేతికి వైద్యం చేయించండి. గణేష్ బాబు మీద కేసు పెట్టడానికి లేబర్ డిపార్టుమెంటు ఇవాళే సర్కారు అనుమతి అడగాలి.

మిల్లు లోపల ఉన్న అన్నల్లారా, అక్కల్లారా, మీకూ ఒక మాట. రేపు పొద్దున మొదటి షిఫ్టుకు మంగ్లి ముందు నడుస్తుంది. ఆమెను లోపలికి తియ్యకపోతే మీరెవరూ లోపలికి పోవద్దు. గెలలు మురిగితే మురగనివ్వండి.